పెదవుల మీద చీమలు

సరిగ్గా ఒంటిగంటా యాభై నిమిషాలకి నా పెదవుల మీద చీమలు పాకడం మొదలైంది.

నిజం చీమలు కావు. చేత్తో తుడిస్తే పోయేవి కావు. కింది పెదవి అంచున మొదలై, పై పెదవికి ఎక్కి, బుగ్గల్లోకి దిగే చీమలు. మొన్న నాకు ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు ముందే హెచ్చరించాడు.

"థైరాయిడ్ దాదాపు మొత్తం తీసేస్తున్నాం. దాని వెనకాల కందిగింజలంత గ్రంథులు నాలుగుంటాయి. అవి దెబ్బతింటే ఒంట్లో కాల్షియం పడిపోతుంది. పెదవుల మీద, వేళ్ళ చివర చీమలు పాకినట్టనిపిస్తే వెంటనే చెప్పు. ఒక్క ఇంజక్షన్‌తో పోతుంది. ఆలస్యమైతే చేతులు కొంకర్లు పోతాయి. ఆ తర్వాత గొంతు మూసుకుపోతుంది."

వెంటనే చెప్పు!

దేనితో చెప్పను? ఆపరేషన్‌లో గొంతు నరం వాచింది. మాట్లాడాలని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. వారం పది రోజుల్లో మాట దానంతటదే వస్తుందన్నారు. అందాకా రాసి చూపించడానికి ఒక పలకా బలపం ఇచ్చారు. ఆర్.కె. పురంలో పన్నెండేళ్ళుగా పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించే పంతులమ్మని. నా చేతికే పలక వచ్చిందని నిన్న నవ్వుకున్నాను కూడా.

ఇప్పుడా పలక లేదు. నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కమలాపండు ఒలుస్తున్న మనిషి సంచిలో ఉంది.

కాల్షియం ఇంజక్షన్ల డబ్బా చేతికందేంత దూరంలో, లాకర్‌లోనే ఉంది. కానీ అందులో ఉన్నది కాల్షియం కాదు. ఉత్త నీళ్ళు. ఇరవై నిమిషాల క్రితం, ఆ మనిషే మార్చాడు. నేను చూశాను.

నేను చూశానని అతనికీ తెలుసు.

"ఒక్క తొన తింటావా తల్లీ?" అన్నాడు బాబాయి గారు. "అరెరే, మింగలేవు కదూ. ఠీక్ హై. నేనే తినేస్తా."

ఢిల్లీలో తెలుగువాళ్ళందరికీ ఆయన బాబాయే. ఆంధ్రా నుంచి రోగిని తీసుకుని ఎవరు రైలు దిగినా ప్లాట్‌ఫారం మీద ఆయన ఉంటాడు. చీటీ రాయించడం, డాక్టరుకి హిందీలో చెప్పడం, బయటి దుకాణంలో మందులు కొని తేవడం అన్నీ ఆయనే. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన పాసు చొక్కా జేబుకి పిన్నుతో వేలాడుతుంది. ఆడవాళ్ళ వార్డులోకి సాయంత్రం నాలుగు లోపల మగపురుగుని రానివ్వని చౌకీదారు కూడా ఆయనకి సలాం కొడతాడు. ఆయనకి ఒక పేరుందన్న సంగతి నాకు నిన్న ఆ పాసు మీది ఇంగ్లీషు అక్షరాలు చదివితే గానీ తెలియలేదు.

ఒంటిగంటన్నరకి మా అత్తయ్య అన్నపూర్ణేశ్వరి క్యారియరు కడగడానికి వెళ్ళింది. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను గానీ నిద్రలో లేను. లాకర్ తలుపు కిర్రుమంది. రెప్పల సందులోంచి చూశాను. బాబాయి గారు డబ్బాలోంచి ఒక గాజు సీసా తీసి, దాని కాగితం లేబుల్ని తడి బొటనవేలితో నెమ్మదిగా ఊడదీశాడు. సీసా సంచిలోకి వెళ్ళింది. సంచిలోంచి అదే సైజు సీసా ఇంకోటి వచ్చింది. మందు పొడులు కలుపుకునే నీళ్ళ సీసా అది. లేబుల్ని నాలికతో తడిచేసి దానికి అతికించాడు. పోస్టాఫీసులో స్టాంపు అంటించినంత తేలిగ్గా. ఇలా ఆరు.

ఒకరి కోసం కొన్న మందుని నలుగురికి అమ్ముకునే పని. చేతివాటం చూస్తే ఇవాళ మొదలైనది కాదు.

ఆరోది అంటించి తలెత్తాడు. నా కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి.

ఆయన కంగారు పడలేదు. నేను పలక మీదికి చెయ్యి చాపాను. నాకంటే ముందు ఆయన చెయ్యి చేరింది.

"అచ్ఛా, చూసేశావా?" అన్నాడు మెల్లిగా, పసిపిల్ల దొంగచాటుగా మిఠాయి తింటే అడిగినట్టు. పలక సంచిలో వేసుకున్నాడు. "నీకిప్పుడు విశ్రాంతి కావాలి తల్లీ. రాతా కోతా వద్దు."

దొంగతనం కాస్తా హత్యగా మారింది ఆ క్షణానే. ఆయన చెయ్యాల్సింది కూడా ఏమీ లేదు. ఊరికే కూర్చోవాలి. అంతే.

*

అత్తయ్య తడి క్యారియరుతో వచ్చింది. బాపట్ల నుంచి ఢిల్లీ వచ్చి నాలుగు రోజులే. హిందీ ఒక్క ముక్క రాదు. చదువూ లేదు. మా వారు శేషగిరికి ఏషియాడ్ డ్యూటీ. ఆటలు మొదలవడానికి వారమే ఉంది. ఆపరేషన్ రోజు తప్ప ఒక్క పూట సెలవు ఇవ్వలేదు. మా తమ్ముడు రంగనాథ్, కరోల్ బాగ్‌లో గది తీసుకుని సివిల్స్ చదువుతున్నవాడు, బయట వరండాలో బెంచీ మీద ఉన్నాడు. మధ్యలో ఒక తలుపు, దాని ముందు చౌకీదారు.

అత్తయ్య చెయ్యి పట్టుకుని నా పెదవులకి ఆనించాను. కళ్ళతో లాకర్ వైపు, బాబాయి వైపు చూపించాను.

"ఏందమ్మా? దాహమా?"

తల అడ్డంగా ఊపాను. మెడ కుట్లు భగ్గుమన్నాయి.

"నొప్పా? దిష్టి తగిలిందేమో. నిన్న ఆ పన్నెండో మంచం ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది." బాబాయి వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఏమంటోంది ఇది?"

"ఏమీ లేదు చెల్లెమ్మా. మత్తు మందు దిగేటప్పుడు అందరికీ ఇంతే. గాభరా."

"మీరుండబట్టి సరిపోయింది. లేకపోతే ఈ దేశంలో మా గతేంగాను?"

ఆమెకి కన్నీళ్ళొచ్చాయి. ఆయన ఆమె చేతిలో ఒక తొన పెట్టాడు.

"కిందటి నెల ఆ కావలి మాణిక్యానికి కూడా ఆఖరిదాకా మీరే ఉన్నారంట గదా" అంది అత్తయ్య తొన నములుతూ. "ఆయా చేతులు తిప్పి చెబుతుంటే అర్థమైంది. పాపం, ఇదే ఆపరేషనంట. మూడో రోజు ఫిట్సొచ్చి పోయిందంట."

"ఈశ్వరేచ్ఛ" అన్నాడు బాబాయి. "రైల్లో శవాన్ని ఎక్కించేదాకా నేనే ఉన్నా."

అని నా వైపు చూశాడు. 

మూడో రోజు. ఇవాళ నాకు మూడో రోజు.

చీమలు వేళ్ళలోకి దిగాయి. కుడిచేతి వేళ్ళు నా ప్రమేయం లేకుండానే దగ్గరికి చేరుకుంటున్నాయి. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది. మణికట్టు వంగింది. విప్పాలని చూశాను. అది నా చెయ్యి కాదు. ఎవరో ఇనుప తీగలతో లోపల్నించి లాగుతున్నారు.

ఆ చేతిని చూసి అత్తయ్య మొహం వెలిగింది. "అయ్యో నా తల్లే! ముద్ద అడుగుతోంది అన్నయ్యగారూ! చూడండి, అన్నం ముద్ద పట్టుకున్నట్టే చెయ్యి పెట్టింది. ఆకలమ్మా?"

నవ్వొచ్చే మాట. నాకు ఏడుపొచ్చింది. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"ఆకలే" అన్నాడు బాబాయి. "సాయంత్రం దాకా ఏమీ పెట్టకూడదు. సిస్టర్ని పిలిచారంటే కోప్పడుతుంది."

సాయంత్రం దాకా నేనుంటే గదా.

ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు. వేళ్ళు కదలవు గానీ మోచెయ్యి కదులుతోంది. లాకర్ మీద అత్తయ్య ఇప్పుడే కడిగి పెట్టిన నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు ఉంది. ఉన్న బలమంతా మోచేతిలో పెట్టి దాన్ని తోశాను.

నాలుగు గిన్నెలూ నాలుగు దిక్కులకి పోయాయి. గచ్చు మీద ఆ చప్పుడుకి వార్డు మొత్తం లేచి కూర్చుంది. మూత దొర్లుకుంటూ వెళ్ళి సిస్టర్ టేబుల్ కాలికి తగిలి ఆగింది.

"క్యా హువా?" సిస్టర్ ఏలియమ్మ పరిగెత్తుకొచ్చింది. కేరళ ఆవిడ. వార్డులో అరవై మంచాలకి ఇద్దరు సిస్టర్లు. ఆవిడ చెమట ఆరిందెప్పుడూ చూడలేదు నేను.

బాబాయి హిందీలో అందుకున్నాడు. "ఏమీ లేదు సిస్టర్. ఘబరాహట్. రాత్రంతా నిద్ర లేదట. సూది వేసి పడుకోబెట్టెయ్యండి."

నాకు హిందీ బాగా వచ్చు. ప్రతి మాటా అర్థమవుతోంది. నా గురించి నా ముందే అబద్ధం చెబుతుంటే వింటూ పడుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. నిద్రమందు ఇస్తే ఇక నేను లేవను.

సిస్టర్ తల ఊపి వెనక్కి తిరిగింది.

అత్తయ్య నా చెయ్యి ఇంకా వదల్లేదు. ముడుచుకున్న వేళ్ళని విప్పబోయి, విప్పలేక, మొదటిసారి భయపడింది. "ఇదేంది? ఇది ముద్ద కాదు. కొయ్యలాగుందే. హైమా, తిమ్మిరెక్కిందా? తిమ్మిరా?"

నేను రెప్పలు టపటపా కొట్టాను. అవును. అవును. అవును.

"అమ్మాయ్! సిస్టరమ్మాయ్!" అత్తయ్య ఆవిడ కొంగు దొరక్క తెల్లగౌను అంచు పట్టుకుంది. "తిమ్మిరి! దీనికి తిమ్మిరి!"

సిస్టర్ ఆగింది. "తిమిరం?"

"ఆఁ! తిమ్మిరి!"

వాళ్ళ మలయాళంలో తిమిరం అంటే కంట్లో శుక్లం. సిస్టర్ మొహంలో అయోమయం. ముప్పై నాలుగేళ్ళ మనిషికి, గొంతు ఆపరేషన్ చేస్తే, కంటి జబ్బేమిటి? అయినా జేబులోంచి టార్చి తీసి నా రెండు కళ్ళలోకీ వేసింది.

బాబాయి పగలబడి నవ్వాడు. "పల్లెటూరి మనిషి సిస్టర్. ఏదో వాగుతోంది. మీరు వెళ్ళండి."

కానీ టార్చి వెలుగులో సిస్టర్ నా కళ్ళు చూసింది. ఆ కళ్ళలో శుక్లం లేదు. చావు భయం ఉంది. ఆవిడ వెళ్ళలేదు. బీపీ మిషను తెచ్చింది. పట్టీ నా కుడి భుజానికి చుట్టి గాలి కొట్టింది.

పట్టీ బిగిసేకొద్దీ నా చెయ్యి ఇంకా వంగింది. వేళ్ళు పక్షి ముక్కులా మొనదేరాయి. నొప్పికి నా వీపు మంచం మీద నుంచి లేచింది.

"ఎంటె దైవమే!" అంది సిస్టర్ ఏలియమ్మ. పట్టీ వదిలేసి, "డాక్టర్! డాక్టర్ మల్హోత్రా!" అని అరుస్తూ పరిగెత్తింది.

బాబాయి నవ్వు ఆగిపోయింది.

*

డాక్టర్ మల్హోత్రా చిన్న వయసు పిల్ల. పెద్ద డాక్టరు కింద పనిచేస్తోంది. నా చెయ్యి చూసీ చూడ్డంతోనే "కాల్షియం! లాకర్‌లో డబ్బా ఉంది కదా? తియ్!" అంది.

సిస్టర్ డబ్బా తెరిచింది. సీసా మెడ విరిచింది. సిరంజీలోకి లాగింది. నేను తల అడ్డంగా ఊపుతున్నాను. కుట్లు తెగినా సరే అని ఊపుతున్నాను.

"హిలో మత్! సిస్టర్, తల పట్టుకో."

సూది నరంలోకి దిగింది. పది సి.సి. నీళ్ళు నెమ్మదిగా నా రక్తంలోకి వెళ్ళాయి. ఏ మార్పూ లేదు.

డాక్టరు గడియారం చూసుకుంది. "ఇంకోటి."

ఇంకో పది సి.సి. నీళ్ళు.

అప్పుడు గొంతు మూసుకుంది. ఊపిరి లోపలికి పీలిస్తే కోడిపుంజు కూసినట్టు ఒక శబ్దం వచ్చింది. అది నా గొంతులోంచే వచ్చిందని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. మళ్ళీ పీల్చాను. మళ్ళీ కూత. మూడోసారి కూత కూడా రాలేదు. గాలి గొంతు దగ్గరికి వచ్చి తలుపు మూసి ఉందని వెనక్కి పోతోంది.

మంచం చుట్టూ మొహాలు మసకబారాయి. అత్తయ్య ఎవరెవరో దేవుళ్ళని పిలుస్తోంది. "గొంతుకి రంధ్రం పెట్టాలి, ట్రే తీసుకురా!" అని డాక్టరు అరుస్తోంది. ఆ మొహాల వెనక బాబాయి చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ప్రార్థిస్తున్నాడు. చూసినవాళ్ళెవరైనా ఆ భక్తికి దణ్ణం పెడతారు.

సిస్టర్ ఏలియమ్మ ట్రే కోసం వెళ్ళిందల్లా ట్రేతో పాటు వార్డు అలమరాలో అత్యవసరానికి దాచిన కాల్షియం సీసా కూడా పట్టుకొచ్చింది.

"ఒక్కసారి ఇది చూడండి డాక్టర్. ఒక్కసారి."

డాక్టరు ఆమె మొహం చూసింది. సిరంజీ అందుకుంది.

ఈసారి తెలిసింది. సూది దగ్గర మొదలై, భుజం మీదుగా, ఛాతీలోకి, నాలిక మీదికి వేడి పాకింది. చలికాలంలో వేడినీళ్ళ చెంబు నెత్తిన పోసుకున్నట్టు. గొంతులో తలుపు తెరుచుకుంది. గాలి! వేళ్ళు ఒక్కొక్కటే విడుతున్నాయి.

అత్తయ్య కాళ్ళ దగ్గర కూలబడి భోరుమంది.

డాక్టర్ మల్హోత్రా మాత్రం నన్ను చూడటం లేదు. ఖాళీ అయిన మొదటి సీసాని చూస్తోంది. గోటితో గీకింది. లేబుల్ సగానికి లేచొచ్చింది. కింద, గాజు మీద, నీలం అక్షరాలు కనిపించాయి.

"నీళ్ళు" అంది. "ఈమెకి నేను నీళ్ళు ఎక్కించాను." సీసాని అందరికీ కనిపించేలా ఎత్తింది. "ఈ డబ్బా ఎవరు తెచ్చారు?"

"పేషెంటు తమ్ముడు" అన్నాడు బాబాయి వెంటనే. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు. "నిన్న సాయంత్రం అతనే తెచ్చి ఇచ్చాడు. సిస్టర్‌ని అడగండి."

"అవును, అతనే ఇచ్చాడు" అంది సిస్టర్.

నిజమే. కొన్నది బాబాయి. గేటు దగ్గర రంగనాథ్ చేతికిచ్చి, "లోపల ఇచ్చెయ్ అబ్బాయ్, నాకు స్టేషన్లో పనుంది" అన్నాడట. తమ్ముడు నాకు చెప్పాడు. ఇంకెవరికీ తెలియదు.

డాక్టరు నా మీదికి వంగింది. హిందీలో అడిగింది. "ఎవరైనా దీన్ని ముట్టుకోవడం చూశావా? కౌన్?"

గాలంతా కూడగట్టుకున్నాను. పెదవులు కలిపాను, విడదీశాను. గొంతు లేని ఊపిరితో ఒక్క మాట తోశాను.

"బాబాయి."

సగం మాట గాలిలో కొట్టుకుపోయింది.

"భాయీ? తమ్ముడా?" అంది డాక్టరు. నిటారుగా లేచింది. "విన్నారా? భాయీ అంటోంది. చౌకీదార్! బయట ఉన్న ఆ అబ్బాయిని పట్టుకో! పోలీసులొచ్చేదాకా వదలకు!"

కాదు. కాదు!

తలుపవతల పెనుగులాట వినిపించింది. "క్యా కియా మైనే? అక్కకేమైంది? ఛోడో!" వాడి గొంతు. వచ్చే నెలలో పరీక్ష రాయాల్సినవాడు. వాడి అక్కే తన నోటితో వాడిని పట్టిచ్చింది.

అత్తయ్య మాత్రం నా మాట సరిగ్గానే వింది. కళ్ళు తుడుచుకుని లేచింది. "అన్నయ్యగారూ, మిమ్మల్నే! బాబాయి అని పిలుస్తోంది. చచ్చి బతికి మొదటి మాట మీ పేరే అంది. ఎంత నమ్మకమో చూడండి. రండి, దాని పక్కన కూర్చోండి."

డాక్టరు తలుపు వైపు నడిచింది. సిస్టర్ నా నాడి పట్టుకుని గడియారం చూస్తోంది. బాబాయి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. నా నుదుటి మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగాడు. కమలాపండు వాసన. తెలుగులో, సిస్టర్‌కి తెలియని భాషలో, జోల పాడినంత నెమ్మదిగా అన్నాడు.

"ఇప్పుడు వేసింది కొన్ని గంటలే పనిచేస్తుంది తల్లీ. మళ్ళీ కావాలి. రేపు కావాలి, ఎల్లుండి కావాలి. అలమరాలో ఉన్నది ఆ ఒక్కటే. మందుల చీటీ నా జేబులోనే ఉంది. తెచ్చేది ఎవరనుకున్నావ్? మీ అత్తయ్యా?"

అత్తయ్య వినలేదు. క్యారియరు గిన్నెలు ఏరుకుంటోంది.

మళ్ళీ బాబాయి అంటే మళ్ళీ భాయీ అనే వింటారు. ఆ పిలుపే ఇన్నేళ్ళూ ఆయన్ని కాపాడింది. అందరికీ బాబాయి. ఎవరికీ ఆయన పేరు తెలియదు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదని నేను కూడా పిల్లలకి నేర్పాను.

పాసు నా కళ్ళకి జానెడు దూరంలో వేలాడుతోంది. పేరు పొడుగ్గా ఉంది. తెలుగులో రాస్తే మొదటి అక్షరానికే ఒత్తు. క్లాసులో ఆ అక్షరం దగ్గర పిల్లలు తడబడుతుంటే నా గొంతు మీద వాళ్ళ వేళ్ళు పెట్టించి చెప్పేదాన్ని. "గొంతులోంచి కాదర్రా, పొట్టలోంచి రావాలి. పొట్టలోంచి గాలి తన్నాలి."

నా దగ్గర ఉన్నదల్లా గాలే.

విడిన అరచేతిని లేపాను. గొంతుకి ఎడమ పక్క, కట్టు మీద, గట్టిగా అదిమాను. వాచిన నరం వైపు నొక్కితే మాట కొంత పలుకుతుందని నిన్న పెద్ద డాక్టరు పరీక్షించి చూపించాడు. ఒక్కసారే చేశాడు. మళ్ళీ చెయ్యొద్దన్నాడు. కట్టు కింద వెచ్చగా తడి తగిలింది. కుట్టు ఒకటి తెగినట్టుంది. తెగనీ.

బాబాయి నా చేతిని చూశాడు. మొదటిసారి ఆయన కళ్ళలో భయం చూశాను. "ఏయ్, వద్దు" అని నా మణికట్టు పట్టుకోబోయాడు.

సిస్టర్ ఏలియమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

తలుపు దగ్గర డాక్టర్ మల్హోత్రా వెనక్కి తిరిగింది. ఆమె వెనక, చౌకీదారు పిడికిట్లో చొక్కా కాలరు నలుగుతూ, రంగనాథ్. నేను రెండో చెయ్యి లేపి బాబాయి భుజాన ఉన్న సంచిని తాకాను. లోపల గాజు సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

పొట్టలోంచి గాలి తన్నింది. బొంగురుగా, పగిలిన కుండలా, అయినా ఒక్క అక్షరం కూడా తప్పిపోకుండా, నా గొంతు వార్డు ఆ చివరిదాకా వినిపించింది.

"భీమేశ్వరరావు!"